కిటికీ పక్క బోను

"నీవన్నీ తెల్లవేనమ్మాయ్," అంది మెలాహత్ హోజా, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని. "విటమిన్ ఇ ఇచ్చిన ఎలుకల్లో ఒక్కదాని మెదడు కూడా రంగు పట్టలేదు. శభాష్."

తులిన్ చేతిలోని పట్టకారు ట్రేలో పడి టింగుమంది. అరవాలనిపించింది. అందరూ హోజా, అంటే గురువు, అని పిలిచే ప్రొఫెసర్ ముందు అరవడం బాగుండదు గనక తెల్లకోటు జేబులో చేతులు పెట్టుకుని, మడమల మీద పైకి లేచి దిగింది. కోటు మీద పిన్నీసుకి గుచ్చి ఉన్న పెళ్ళి ఉంగరమూ, దిష్టి తగలకుండా అత్తగారు కట్టిచ్చిన నీలం పూసా ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. తొడుగులు వేసుకోవాలి కాబట్టి ఉంగరం పగలంతా ఆ పిన్నీసు మీదే కాపురం చేస్తుంది. పెళ్ళయి నాలుగు నెలలైనా, సాయంత్రం దాన్ని తీసి వేలికి తొడుక్కునే క్షణం తులిన్‌కి రోజూ కొత్తగానే ఉంటుంది.

ట్రేలో వరసగా ఉన్నవి ఎలుకల మెదళ్ళు. బాదం పలుకు కంటే కాస్త పెద్దవి. కొన్నిటి మీద సిరా ఒలికినట్టు నీలం మచ్చలు. కొన్ని మీగడలా తెల్లగా.

రక్తంలో తిరిగే ప్రతిదాన్నీ మెదడు లోపలికి రానివ్వదు. తన రక్తనాళాల గోడల్లోనే గట్టి కాపలా పెట్టుకుంటుంది. బి.పి. ఉన్నట్టుండి జివ్వున లేస్తే ఆ కాపలా సడలుతుంది. మత్తిచ్చిన ఎలుక రక్తంలోకి నీలం రంగు ఎక్కించి, మందుతో బి.పి. పెంచి, ఆ తర్వాత ఉప్పునీటితో రక్తాన్నంతా కడిగేస్తే, కాపలా తప్పిన చోట మాత్రమే నీలం మిగులుతుంది. బి.పి. అలా లేచిన క్షణాల్లో ఒంట్లో పుట్టే దుడుకు పదార్థాలే ఆ గోడల్ని దెబ్బతీస్తాయనీ, వాటిని విరిచేసే విటమిన్ ఇ ముందుగానే ఇచ్చి ఉంచితే కాపలా నిలుస్తుందనీ తులిన్ వాదన. అది నిజమా కాదా అన్నదే రెండేళ్ళుగా ఆమె పని.

ఏ బోనుకి విటమిన్, ఏ బోనుకి ఉత్త నూనె అన్నది హోజాకీ, సూది వేసిన ల్యాబు సహాయకుడు బెకిర్ అన్నకీ తప్ప ఎవరికీ తెలియదు. తులిన్‌కి అసలే తెలియకూడదు. తెలిస్తే కళ్ళు మొహమాటపడతాయని హోజా నియమం. అందుకే తులిన్ ఏమీ తెలియకుండా మచ్చలు చూసి రాసిస్తే, ఇవాళ హోజా ఆ గుట్టు విప్పింది.

"అయితే అంకారా సదస్సుకి పంపిద్దామా హోజం?" అంది తులిన్. తన పేరూ, పక్కనే కొత్త ఇంటిపేరూ ఆ సదస్సు తెర మీద ఎలా కనపడతాయో అప్పుడే ఊహించేసుకుంది. ఆ ఇంటిపేరుతో పత్రం వెయ్యడం ఇదే మొదలు.

"ఆగాగు. బక్లావా మిఠాయి ఇప్పుడే కొనకు."

తులిన్ మడమలు నేలకి దిగాయి.

"ఉత్త నూనె వాటిలో ఎక్కువ భాగం నీలంగానే ఉన్నాయి. బాగుంది. కానీ ఐదు తెల్లగా ఉన్నాయి. ఐదూ ఒకే బోనువి. కిటికీ పక్కది."

"సూదులు తారుమారయ్యాయేమో..."

గుమ్మం దగ్గర టీ గ్లాసుతో నిలబడ్డ బెకిర్ అన్న మొహం గంటు పెట్టుకున్నాడు. "ఏంటమ్మా, ఈ చేత్తో ఎన్ని వేల సూదులు వేశాను? తారుమారైతే నీ విటమిన్ బోను ఏదో ఒకటి నీలంగా తేలాలి కదా? తేలిందా?"

"లేదన్నా."

"మరి?"

"బెకిర్ తప్పు కాదులే," అంది హోజా. "అయితే ఎవరి తప్పు అన్నది తెలియాలి. కారణం తెలియకుండా ఆ ఐదింటినీ పక్కన పడేస్తే అది దొంగతనం. పక్కన పెట్టకుండా లెక్కలో వేస్తే నీ ఫలితం గాల్లో దీపం. రేపు సాయంత్రంలోగా సదస్సుకి పంపాలి. ఈలోగా ఏమైనా తడితే చెప్పు. తట్టకపోతే వచ్చే ఏడాది చూద్దాం."

వచ్చే ఏడాది! తులిన్ ఉంగరం తీసి వేలికి తొడుక్కుంది. ఇవాళ మాత్రం దాని వంక చూడలేదు.

*

తులిన్ మొగుడు సెల్చుక్ ఇవాళ డిపార్ట్‌మెంటుకి రాకుండా నేరుగా ఎమినోను రేవుకే వచ్చి నిలబడ్డాడు. ఒక చేతిలో నువ్వులద్దిన సిమిత్ రొట్టె, ఇంకో చేతిలో వార్తాపత్రికలో చుట్టిన హంసీ చేపలు. నల్లసముద్రం ఒడ్డున గిరెసున్ కొండల్లో పుట్టినవాడు. స్కూల్లో భూగోళం చెబుతాడు. చలికాలంలో హంసీ చేపలు లేని ఇల్లు ఇల్లే కాదంటాడు.

"మొహం ఏంటలా ఉంది? గుట్టు విప్పారా?"

"విప్పారు. విటమిన్ ఇచ్చినవన్నీ తెల్లగా ఉన్నాయి."

మిగతా సగం చెప్పేలోపే సెల్చుక్ ఆమెని చేపలతో సహా కావలించుకున్నాడు. ఓడ ఎక్కుతూనే టీ అమ్మేవాడితో మొదలుపెట్టాడు. "తమ్ముడూ, రెండు టీ. ఒకటి మా ఆవిడకి. మెదడుకి కాపలా ఎట్లా నిలబెట్టాలో కనిపెట్టింది."

"ఊరుకో," అని మోచేత్తో పొడిచింది తులిన్.

"ఎందుకూరుకోవాలి? పిన్నీ, మీరు చెప్పండి," అని పక్క బల్ల మీద అల్లిక సంచితో కూర్చున్న పెద్దావిడ వైపు తిరిగాడు. "ఇలాంటి పెళ్ళాం ఉంటే ఊరుకుంటారా ఎవరైనా?"

"మాషల్లా, మాషల్లా," అంది ఆవిడ. "డాక్టరమ్మా? నాకు దక్షిణం నుంచి లోదోస్ గాలి తిరిగినప్పుడల్లా బి.పి. ఎక్కి తల దిమ్మెక్కుతుందమ్మా. వెల్లుల్లి మింగుతున్నా. మంచిదేనా?"

"మాత్రలు మానకండి పిన్నీ," అంది తులిన్.

ఓడ కదిలింది. సిమిత్ ముక్కల కోసం కాకుల్లా అరుస్తూ సీగల్ పక్షులు వెంటపడ్డాయి. సన్నటి నడుమున్న గ్లాసులో వేడి టీ, పక్కన భుజానికి భుజం ఆనించి తన గురించి ఊరంతా చాటే మొగుడు. ఇంకో రోజైతే ఇంతకంటే ఏం కావాలి అనుకునేది.

ఈ పని మీద పట్టుదల తులిన్‌కి మొదటినుంచీ ఉంది గానీ, అది గుండెకి తగిలింది మాత్రం తన పెళ్ళిరోజునే. అత్తగారు హాజెరమ్మ వద్దన్నా వినకుండా హోరోన్ నాట్యం వరసలో దూరి, కుర్రకారుతో సమానంగా భుజాలు అదిరిస్తూ ఆడి, ఆడి, ఉన్నట్టుండి గోడకి ఆనుకుని కూలబడింది. బి.పి. ఆకాశంలో ఉంది. ఆ సాయంత్రమంతా ఎవరినీ గుర్తుపట్టలేదు. కొత్త కోడలి గడ్డం పట్టుకుని "సారీకిజ్, నా తల్లీ, మేత తిన్నావా?" అని అడిగింది. సారీకిజ్ ఆవిడ ఆవు. మర్నాటికి తేరుకుంది. ఇంటిల్లిపాదీ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. తులిన్ కూడా నవ్వుతుంది. కానీ ఆ సాయంత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు, ఈ తల లోపల ఏ గోడ సడలిందో, ఎక్కడ నీరు చేరిందో అన్న ఆలోచన తప్ప ఇంకేమీ తోచలేదు.

"మొత్తం చెప్పలేదు నేను," అంది తులిన్ చివరికి. "ఉత్త నూనె ఇచ్చినవాటిలో కూడా ఐదు తెల్లగా ఉన్నాయి. ఎందుకో తెలీదు. రేపటిలోగా తెలియకపోతే సదస్సు లేదు."

సెల్చుక్ ఓదార్పు ఎప్పుడూ జేబులో ఉంటుంది. కోటు జేబులోంచి గుప్పెడు హేజెల్ గింజల పలుకులు తీశాడు. అమ్మ పంపిన బస్తాలోవి. దోరగా వేయించినవి. రెండు తులిన్ నోట్లో పెట్టాడు. పక్క బల్ల పెద్దావిడ చూపు ఇటు పడగానే చెయ్యి అటు చాచాడు.

"తీసుకోండి పిన్నీ. మీ కంటి హక్కు."

"బతికుండు నాయనా," అని ఆవిడ రెండు తీసుకుంది. తినేవాణ్ణి చూసిన కంటికి ఆ తిండిలో కాస్త వాటా ఉంటుందని ఇక్కడ పాలతో పాటు నేర్పుతారు. పెట్టకుండా తింటే ఆ ముద్ద ఒంటబట్టదు.

కమ్మీ మీద వాలిన ఒక సీగల్ మెడ వంచి చూసింది. సెల్చుక్ దానికీ ఒకటి విసిరాడు. "నీకూ ఉందిలేవే."

తులిన్ నమలడం ఆపేసింది.

ఈ చలికాలమంతా డిపార్ట్‌మెంటులో సరిగ్గా వెచ్చగా ఉండే గది ఒక్క ఎలుకల గదే. తన కోసం వచ్చి వరండాలో వణుకుతున్న మొగుణ్ణి అందులో కూర్చోమన్నది తానే. అక్కడున్నది ఒకే బల్ల. కిటికీ పక్కన.

"సెల్చుక్."

"ఊఁ."

"ఎలుకల గదిలో కూర్చున్నప్పుడు పలుకులు తినేవాడివా?"

"తినకుండా ఎలా? జేబులో ఉంటాయిగా."

"వాటి ముందే?"

"నన్నేమనుకున్నావ్? వాటికి పెట్టకుండా తింటానా? అంత మోటువాణ్ణా?" సెల్చుక్‌కి నిజంగానే కష్టమేసింది. "ఐదుగురూ కమ్మీలు పట్టుకుని నిలబడి, ముక్కులు ఊపుకుంటూ చూస్తుంటే గొంతు దిగుతుందా ఎవరికైనా? తలా ఒకటి పెట్టేవాణ్ణి. మధ్యలో చెవి చిరిగింది ఉందే, అది నా వేలు పట్టుకుని మరీ తీసుకునేది. దానికి సుల్తాన్ అని పేరు పెట్టా."

"రోజూనా?"

"వచ్చిన రోజల్లా. అంటే రోజూనే."

"మిగతా బోన్లకి?"

"అవి దూరం కదా. వాటికి కనపడదు. కనపడకపోతే హక్కు లేదు." చెబుతూ చెబుతూ తులిన్ మొహం చూసి ఆగిపోయాడు. "ఏం... ఏమైంది? నేనేం చేశాను?"

"హేజెల్ పలుకుల్లో ఏముంటుందో తెలుసా నీకు?"

"నూనె. మా ఊరి గర్వం."

"విటమిన్ ఇ, సెల్చుక్! విటమిన్ ఇ!"

పెద్దావిడ అల్లిక మానేసి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. సెల్చుక్ గుప్పెట్లోని పలుకుల వంక చూశాడు, అవి తనని పోలీసులకి పట్టించినట్టు.

ఓడ కదికోయ్ రేవుకి తగిలి, తాళ్ళు పడ్డాయి. జనం లేచారు. అవతల ఇల్లు. తలుపు మీద ఇద్దరి పేర్లున్న రాగి పలక. తులిన్ దాన్ని వచ్చేటప్పుడోసారి, పోయేటప్పుడోసారి కోటు అంచుతో తుడుస్తుంది. ఇంటికెళ్ళి చేపలు వేయించుకుని తినవచ్చు. ఎలుకల గదిలోకి బయటివాణ్ణి రోజూ రానిచ్చానని హోజాకి చెబితే ఏమంటుందో. ఎలుకలు చూసుకునే చోట అంతకన్నా పెద్ద తప్పు లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. వచ్చే ఏడాది ఇంకో సదస్సు వస్తుంది.

కానీ చెప్పకపోతే, ఆ ఐదు తెల్ల మెదళ్ళూ ఎప్పటికీ జవాబు లేకుండా అలా ట్రేలోనే ఉండిపోతాయి.

"దిగవేం?" అన్నాడు సెల్చుక్.

"దిగను. ఇదే ఓడ వెనక్కి వెళ్తుందిగా. హోజా ఏడింటిదాకా ఉంటుంది."

"మరి చేపలు?"

"చేపలు కూడా వస్తాయి."

"అయితే నేనూ వస్తా," అన్నాడు సెల్చుక్, కోటు గుండీలు పెట్టుకుని. "పెట్టింది నేను. చీవాట్లు నువ్వొక్కదానివే తింటే నా కంటి హక్కు ఏమవుతుంది?"

పెద్దావిడ దిగిపోతూ తులిన్ బుగ్గ నిమిరింది. "వీడు మంచివాడమ్మా. కాస్త తిట్టు. ఎక్కువ తిట్టకు."

*

మెలాహత్ హోజా బల్ల దీపం కింద ఏదో చదువుకుంటోంది. తులిన్ నిలబడే అంతా చెప్పింది. ఎలుకల గది తానే తెరిచిందనీ, కూర్చోమన్నది తానేననీ ముందు చెప్పి, పలుకుల సంగతి తర్వాత చెప్పింది. సెల్చుక్ ఆమె వెనకాల చేపల పొట్లాన్ని గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. గది మెల్లిగా సముద్రం వాసన కొట్టడం మొదలుపెట్టింది.

హోజా చదువుతున్నది మూసి సెల్చుక్ వైపు తిరిగింది.

"నా ఎలుకలకి తిండి పెట్టావా నువ్వు?" అంది.

"చూస్తుంటే పెట్టకుండా ఎలా హోజం..."

"నాకెప్పుడైనా పెట్టావా?"

సెల్చుక్ గబగబా జేబులో చెయ్యి పెట్టాడు. హోజా ఒక పలుకు నోట్లో వేసుకుని నములుతూనే లేచి, బీరువాలోంచి బి.పి. గీతల కాగితపు చుట్టలు తీసింది. కిటికీ పక్క బోనువి ఒకవైపు, మిగతా ఉత్తనూనె బోన్లవి ఒకవైపు పరిచింది. తులిన్ కూడా వంగి చూసింది. రెండు వైపులా గీత ఒకేలా నిట్టనిలువుగా లేచింది.

"చూశావా," అంది హోజా. "ముద్దు చేసిన ఎలుకలు నెమ్మదిగా ఉండి, వాటికి బి.పి. తక్కువ లేచిందేమో అనుకున్నా. అదేం లేదు. దెబ్బ అన్నిటికీ సమానంగానే తగిలింది. కాపలా మాత్రం వీటికే నిలిచింది."

"అయితే పలుకులే హోజం!" అన్నాడు సెల్చుక్, ఛాతీ రెండంగుళాలు పెరిగి. "గిరెసున్ పలుకులు!"

"నోరు మూసుకో. ఇంకా ఏదీ కాదు. ఈ నాలుగు పలుకుల్లో ఉన్నది మనం సూదితో ఇచ్చినదానిలో ఎన్నో వంతు? పలుకులు కావచ్చు. రోజూ ఎవరో పలకరించడం కావచ్చు. రెండూ కాకపోవచ్చు." తర్వాత తులిన్ వైపు తిరిగింది. ఆ మొహంలో కోపం ఎప్పుడో పోయింది. "నువ్వు ఇల్లు చేరాకే తట్టిందా, ఇంకా ముందా?"

"ఓడ మీద హోజం. దిగలేదు."

"దిగకుండా వచ్చేశావా?"

"చేపలతో సహా," అన్నాడు సెల్చుక్.

హోజా నవ్వింది. ఆవిడ నవ్వడం డిపార్ట్‌మెంటులో అరుదు. "ముప్ఫై ఏళ్ళుగా పిల్లల్ని తయారుచేస్తున్నాను. ఫలితం బాగా వస్తే పరిగెత్తుకొచ్చి చెప్పేవాళ్ళే అందరూ. ఫలితం చెడగొట్టే మాట చెప్పడానికి ఓడ తిప్పుకుని వచ్చింది నువ్వొక్కదానివే. ఇది నా దగ్గర నేర్చుకుందని ఎవరైనా అంటే కాదనను."

తులిన్ చెవుల దాకా ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, ఆ నీళ్ళలోంచే ఇవాళ మొదటిసారి ఉంగరం మెరుపు చూసింది.

"రేపు సదస్సుకి పంపుతున్నాం," అంది హోజా. "ఆ బోనుని తీసేసి, ఎందుకు తీశామో రాసి. 'ఎలుకలకి మా ఇంటాయన పలుకులు పెట్టాడు' అని నువ్వే రాయాలి మరి. సదస్సు రోజుకల్లా ఆ బోను మళ్ళీ చేసి చూపించాలి. సిగ్గుగా ఉంటుందా?"

"ఉండదు హోజం."

"మంచిది. నీ అత్తగారి నంబరు చెప్పు."

అటునుంచి హాజెరమ్మ గొంతు వినపడగానే హోజా ఫోను చెవికి జానెడు దూరంలో పట్టుకుంది. కొండ మీద నుంచి కొండ మీదికి కేకేసే అలవాటు ఆవిడది.

"హాజెర్ హానమ్, మీ బస్తాలోవే ఇంకో మూడు కిలోలు కావాలి. ఎలుకలకి."

హోజా ఫోనుని ఇంకో జానెడు దూరం జరపాల్సి వచ్చింది.

"ఎలుకలకా? మా అటక మీద ఎలుకలతో నా జన్మంతా యుద్ధమే! నా పలుకులు దోచుకుంటాయని పిల్లుల్ని పెంచుతున్నా. మీరు పట్నంలో వాటిని కూర్చోబెట్టి విందు చేస్తారా?"

హోజా ఓపిగ్గా సంగతంతా చెప్పింది. చెప్పేకొద్దీ అటు గొంతు తగ్గింది.

"అంటే నా పలుకులు తిని వాటి బుర్ర చెదరలేదా?"

"అలా అనడానికి లేదు. చూడాలి."

"మరి పెళ్ళిలో నా బుర్ర ఎందుకు చెదిరింది? ఇల్లంతా పలుకులేగా?"

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా. మీరు రోజూ తింటారా?"

"నాకు పళ్ళెక్కడివమ్మా తినడానికి! ఏరేది నేను, ఎండబెట్టేది నేను, మింగేదంతా ఆ మొద్దబ్బాయే." ఆపైన గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "ఇంతకీ ఇదంతా కనిపెట్టింది మా సారీకిజేనా?"

తులిన్ ఫోను అందుకుంది. "నేనేనమ్మా."

"మేత తిన్నావా తల్లీ?" అని హాజెరమ్మ గట్టిగా నవ్వింది. ఈసారి తెలిసే అంది. "మూడు కిలోలు కాదు, ఐదు కిలోలు పంపుతా. నా కోడలి పని గిరెసున్ అంతా చెబుతా. ఇప్పుడే రాత్రి బస్సు కదలబోతోంది, డ్రైవరు చేతికిస్తా. పొద్దున్నే తీసుకోండి."

ఫోను పెట్టేశాక హోజా చేపల పొట్లం వైపు ముక్కు ఎగబీల్చి, మళ్ళీ కళ్ళజోడు సర్దుకుంది.

"వినండి. కొత్త ఎలుకల్ని మూడు బోన్లు చేస్తాం. ఒకదానికి తూచిన పలుకులు. ఒకదానికి ఏమీ వద్దు. మూడోదానికి పలుకుల్లేకుండా ఉత్త పలకరింపు. ఆ ఉద్యోగం నీదే సెల్చుక్. రోజూ వచ్చి కూర్చుని మాట్లాడాలి. ఒక్క గింజ పెట్టకూడదు."

"వాటి ముందు తింటూ పెట్టకుండానా?" సెల్చుక్ గుండె పట్టుకున్నాడు. "నా వల్ల కాదు హోజం. అంత పాపం..."

"అయితే తినకు. జేబులు బయట ఖాళీ చేసి లోపలికి రా. బెకిర్ గుమ్మం దగ్గర వెతుకుతాడు." హోజా దీపం ఆర్పి, కోటు అందుకుంది. "రేపు పొద్దున్నే నువ్వు బస్టాండుకెళ్ళి బస్తా తెస్తావు. తొమ్మిదింటికి ఎలుకలొస్తాయి. తులిన్, నువ్వు వచ్చేటప్పుడు బక్లావా తీసుకురా. అందరూ చూసేలా తీసుకురా. అందరికీ వాటా ఉంది."